గ్లోబల్ స్టడీస్, ఐటీ: రెండు డిగ్రీలు కలిపి చదవడం గురించి
(యువ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంటర్ ఫలితాలు వచ్చాక హాస్టల్లో మమ్మల్ని పిల్లలు అడిగేది ఒకటే: "మేడమ్, ఏం చదివితే ఉద్యోగం వస్తుంది?" సగం మంది కంప్యూటర్ అంటారు. మిగతావాళ్లు బీఏ చేసి గ్రూప్స్ రాస్తామంటారు. లెక్కలు వచ్చినవాళ్లు అటు, మాట్లాడటం వచ్చినవాళ్లు ఇటు అని మేము కూడా చాలాకాలంగా పంపిస్తూనే ఉన్నాం. ఆ రెండు దారులనూ కలిపి చదివే పద్ధతి ఒకటి ఉంది. మన పిల్లలకు అది ఎందుకు అవసరమో చెప్పాలని ఇవాళ ఈ అంశం తీసుకున్నాం.

మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంలో గ్లోబల్ స్టడీస్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ జంట డిగ్రీగా చదవవచ్చు. విడివిడిగా అయితే ఒక్కొక్కటి మూడేళ్లు. కలిపి చదివితే నాలుగేళ్లలో రెండు పట్టాలు చేతికొస్తాయి. ఒక డిగ్రీలో ఐచ్ఛికంగా తీసుకోవలసిన సబ్జెక్టుల స్థానంలో రెండో డిగ్రీ సబ్జెక్టులు కూర్చుంటాయి కాబట్టి ఆ రెండేళ్లు మిగులుతాయి. గ్లోబల్ స్టడీస్ అనగానే కంగారు పడకండి. దేశాల మధ్య ఒప్పందాలు ఎలా జరుగుతాయి, మానవ హక్కులు అంటే ఏమిటి, జనం ఎందుకు వలస పోతారు, ఒక ఊరి పంట ధరను ఎక్కడో కూర్చున్నవాళ్లు ఎలా నిర్ణయిస్తారు, ఇలాంటివి చదువుతారు. ఐటీ అంటే మీకు తెలిసిందే: ప్రోగ్రామింగ్, డేటాబేస్, నెట్‌వర్క్, భద్రత.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. నార్నూర్ మండలం గుంజాల ఊరు మీకందరికీ తెలుసు. అక్కడ దొరికిన చేతిరాత పుస్తకాల లిపికి ప్రపంచం ఆ ఊరి పేరే పెట్టింది: గుంజాల గోండి. 2018లో ఆ లిపి యూనికోడ్ 11వ వెర్షన్‌లోకి ఎక్కింది. అంతకు ముందు ఏడాది, మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో తయారుచేసిన లిపికి చోటు దొరికింది. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్య. అను ఫాంట్‌లో టైప్ చేసిన తెలుగు ఉత్తరాన్ని ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి, చూసే ఉంటారు. యూనికోడ్ సంఖ్య లేని లిపికి ఎప్పుడూ ఆ బాధే.

ఆ సంఖ్య ఎవరిస్తారు? అమెరికాలో ఉన్న యూనికోడ్ కన్సార్టియం. ఎలా ఇస్తారు? ఈ లిపి నిజంగా వాడుకలో ఉందని, ఇవీ దీని అక్షరాలని, ఒత్తులు ఇలా కలుస్తాయని ఆధారాలతో ఎవరో ప్రతిపాదన రాయాలి. సభ్యులు ప్రశ్నలు వేస్తారు, జవాబు చెప్పాలి. అక్షరం కంప్యూటర్‌లో ఎలా పనిచేస్తుందో తెలియాలి, అంతర్జాతీయ సంస్థ ముందు మన మాట ఎలా నిలబెట్టాలో కూడా తెలియాలి. చెప్పండి, ఇది ఐటీ పనా, గ్లోబల్ స్టడీస్ పనా?

ఇంకో సంగతి. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025లో 'ఆది వాణి' అనే అనువాద యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి ఉన్నాయి. గోండి ఉందని మనం సంతోషించాం. అయితే అది ఛత్తీస్‌గఢ్ గోండి. ఉట్నూరులో మన అవ్వ మాట్లాడే మాట, బస్తర్‌లో మాట్లాడే మాట ఒకటి కాదు. యంత్రం తనకు పెట్టిన వాక్యాలనే నేర్చుకుంటుంది. మన మాటలు ఎవరూ పెట్టకపోతే రేపు యంత్రం చెప్పిందే సరైన గోండి అని మన పిల్లలే మన అవ్వను సరిదిద్దుతారు. సంతాలీ 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోకి వెళ్లింది. గోండి ఇంకా వెళ్లలేదు. కాబట్టి మన మాటలు పోగుచేసే పని మన మీదే ఎక్కువ ఉంది. కొలామీ మాట్లాడే పిల్లలకైతే మరీ ఎక్కువ.

మార్లవాయిలో ఉండి మన పెద్దల జీవితాన్ని రాసిన హైమన్‌డార్ఫ్ గారి పేరు వినని ఇల్లు ఇక్కడ లేదు. 1940లో కుమ్రం భీం వీరమరణం తర్వాత నిజాం ప్రభుత్వం ఆయనను మన ప్రాంతానికి పంపింది. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి. కొన్ని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. వాటిలో మీ ముత్తాత ఉండవచ్చు. ఇలాంటి పాత సేకరణల్లో తరచుగా ఫొటో కింద తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ పేరు చెప్పగలిగిన ముసలివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో టెనంట్ క్రీక్ అనే ఊరి దగ్గర వారుముంగు అనే ఆదివాసులకు ఇదే చిక్కు వచ్చింది. తమ పాత ఫొటోలు చేతికొచ్చాయి, కానీ అన్నీ అందరూ చూడకూడదు. చనిపోయినవారి బొమ్మ చూడటానికి వాళ్లకు కట్టుబాటు ఉంది. ఆడవాళ్ల విషయాలు, మగవాళ్ల విషయాలు వేరు. మామూలు వెబ్‌సైట్‌కు ఇవేవీ తెలియవు. కింబర్లీ క్రిస్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు వాళ్లతో కలిసి పనిచేయగా, 2007లో 'ముకుర్తు' పేరుతో వాళ్ల భాండారం తయారైంది. పవిత్రమైనవి దాచుకునే సంచికి వాళ్ల భాషలో ఆ పేరు. ఎవరు ఏది చూడవచ్చో అందులో ఆ సమాజం కట్టుబాటే నిర్ణయిస్తుంది. ఇప్పుడది ఎవరైనా ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్.

మనకూ ఇది కావాలి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలు, వాటి కింద ఇంటిపేర్లు, ఎవరు ఎవరికి పిల్లనివ్వవచ్చు అన్న లెక్క, ఇదంతా మన పెద్దల నోట్లో ఉన్న డేటాబేసే. కేస్లాపూర్ నాగోబా పూజలో ఏది బయటివాళ్లకు చూపవచ్చో, ఏది మెస్రం వంశం లోపలే ఉండాలో పెద్దలకు తెలుసు. సెల్‌ఫోన్‌కు తెలియదు. పద్మశ్రీ కనక రాజు గారి గుస్సాడీ ఆట వీడియోలు ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. పక్కన ఆడిన దండారి జట్టు ఏ ఊరిదో రాసినవాళ్లు తక్కువ.

ఇక్కడే రెండో చదువు కావాలి. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించింది. 144 దేశాలు అనుకూలం, భారత్ కూడా. వద్దన్న నాలుగు దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి, తర్వాత మనసు మార్చుకుంది లెండి. అందులో 31వ అధికరణం మన వారసత్వం, మన జ్ఞానం మీద అదుపు మనదే అంటుంది. ప్రకటన చట్టం కాదు, దాన్ని పట్టుకుని ఎవరినీ కోర్టుకు లాగలేం. కానీ లండన్‌కు ఉత్తరం రాసేటప్పుడు "దయచేసి ఇవ్వండి" అని రాయడానికీ, ఆ అధికరణం చూపించి అడగడానికీ చాలా తేడా ఉంది. వచ్చిన ఫొటోలను ఏ పద్ధతిలో దాచాలో, ఎవరికి తాళం ఇవ్వాలో ఐటీ చదివిన పిల్ల చెబుతుంది. ఆ ఇద్దరూ ఒకే మనిషి అయితే మధ్యవర్తులు అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇంటర్ అయిన వెంటనే ఆస్ట్రేలియా వెళ్లమని మేము చెప్పం. ఫీజు, ప్రయాణం కాక, ఒక ఏడాది ఖర్చుకు 29,710 ఆస్ట్రేలియా డాలర్లు ఉన్నాయని వీసాకు చూపించాలని 2024లో నిబంధన పెట్టారు. కోర్సు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు. "అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుని ఫీజు కట్టేయొచ్చు" అనే ఏజెంటు మాట నమ్మి ఎద్దులు అమ్మకండి, అప్పు తేకండి.

మన దగ్గరే దారి ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ అనుమతి ఇచ్చింది. తరగతుల వేళలు ఢీకొనకపోతే రెండూ కాలేజీలోనే చదవవచ్చు. లేదా ఒకటి కాలేజీలో, ఒకటి దూరవిద్యలో. కాలేజీలో కంప్యూటర్ డిగ్రీ చేస్తూ, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో రాజనీతి శాస్త్రంతో బీఏ చేయవచ్చు. బీఏ కాలేజీలో చదివే పిల్లలు ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్‌కు ప్రయత్నించవచ్చు. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్ల అర్హత పరీక్ష నెగ్గాలి. ఎస్టీ పిల్లలకు ఫీజులో రాయితీ ఉంది. పేరు గ్లోబల్ స్టడీస్ అని ఉండకపోవచ్చు, పట్టాలు రెండు విశ్వవిద్యాలయాలవి కావచ్చు. చదువు మాత్రం దగ్గరదగ్గర అదే. ఒక్క సలహా: లెక్కలు, ఇంగ్లీషు బలహీనంగా ఉన్నవాళ్లు మొదటి ఏడాది ఒక్కటే చదవండి. రెండోది మరుసటి ఏడాది మొదలుపెడితే కొంప మునగదు.

విదేశం పీజీకి పెట్టుకోండి. సాయం ఉండేది కూడా అక్కడే. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మంది ఎస్టీ విద్యార్థులకు, పీజీకి, ఆ పైచదువులకు. అందులో 3 ఆదిమ గిరిజన తెగల పిల్లలవి. కొలాం, తోటి పిల్లలూ, ఈ మాట మీకే. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద పీజీకి 20 లక్షల వరకు వస్తుంది. ఆస్ట్రేలియా ఆ దేశాల జాబితాలో ఉంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పాస్‌పోర్టు డిగ్రీ రెండో ఏడాదిలోనే సిద్ధం చేసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు ఆగుతుంది. టెన్త్ మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు ఉన్నవాళ్లు ఈ గదిలోనే సగం మంది ఉన్నారు. ముందు అది చూసుకోండి.

ఈ సెలవుల్లో ఒక పని ఇస్తున్నాం. గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్‌లో వేసుకుని మీ ఇంటిపేరు, మీ సగా, మీ ఊరి పేరు టైప్ చేయండి. చదవడం వచ్చిన పెద్దలకు చూపించండి. ఏ అక్షరం, ఏ ఒత్తు తప్పుగా పడిందో నోట్‌బుక్కులో రాసి, హాస్టల్ తెరిచిన రోజు తీసుకురండి.