పాత ల్యాప్‌టాప్‌కి కొత్త ఓఎస్ వేసే ముందు: మావయ్య ఫైల్ కథ

ఈ మధ్య ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఇంట్లో పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది. ఆన్ అయ్యేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. ఓఎస్ మళ్లీ వేస్తే పనికొస్తుందా?"

పనికొస్తుంది. ఎలా వేయాలో చెప్తా. కానీ అంతకంటే ముందు ఈ సంక్రాంతికి నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. బీటెక్ చేసి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టిన తర్వాత చేసిన పని ఇది, అందుకే చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మా మావయ్య వాళ్లది అవనిగడ్డ. ఆయన రిటైర్డ్ తెలుగు మాస్టారు. 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఆయనది. నాలుగో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 8.1తో వచ్చింది, తర్వాత ఫ్రీగా 10కి మారింది. భోగి రోజు నేను బ్యాగ్ కింద పెట్టానో లేదో, "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, దీని సంగతి చూడు" అన్నారు. ఆన్ చేసి ఫోన్‌లో టైమ్ చూశా. డెస్క్‌టాప్ వచ్చి, మౌస్ మాట వినేసరికి ఆరు నిమిషాలు.

ఇందులో మావయ్య చేసే పని ఒకటే. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. వేలమంది పోయారు. అప్పటికి మావయ్య పదో తరగతి. రిటైర్ అవడానికి ముందు నుంచే ఆయన ఊరూరా తిరిగి, ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్లను కూర్చోబెట్టి అడిగి, వాళ్ల మాటల్లోనే టైప్ చేసుకుంటూ వస్తున్నారు. 212 పేజీలు, 43 మంది. అందులో సగానికి పైగా మనుషులు ఇప్పుడు లేరు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ చేశా.

నా లెక్క ఇలా ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే అఫీషియల్‌గా ఒప్పుకుంటుంది. మావయ్యది నాలుగోది. కాబట్టి లైనక్స్ మింట్ వేసేద్దాం, ఫ్రీ, తేలిక, మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్స్ వస్తాయి. లెక్క తప్పు కాదు. అందులో మావయ్య లేరు, అంతే.

డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, ఫొటోలు అన్నీ నా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశా. ఎస్ఎస్‌డీ కొనాలంటే విజయవాడ వెళ్లాలి, పండగ మూడు రోజులూ షాపులు మూసే ఉంటాయి. రెండు రోజులు ఆగొచ్చు. ఆగలేదు. మింట్ ఇన్‌స్టాలర్‌లో 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చెయ్యి' అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది నొక్కి గారెలు తినడానికి వెళ్లా.

సాయంత్రం మావయ్య ఫైల్ ఓపెన్ చేశారు. మొదటి పేజీ నిండా డాలర్ గుర్తులు, నెత్తిన గీతలున్న ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. 212 పేజీలూ అంతే. ఆయన అరవలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. "ఇది నాది కాదేమోరా" అన్నారు.

ఏం జరిగిందో చెప్తా, ఎందుకంటే ఇది మీ ఇంట్లోనూ జరగొచ్చు. మీరు ఫోన్‌లో తెలుగులో మెసేజ్ పెడితే ఎవరి ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. అది యూనికోడ్. అందులో 'క'కి ప్రపంచమంతా ఒకటే నంబర్. కానీ అంతకుముందు మన డీటీపీ సెంటర్లలో, పెళ్లి కార్డుల దగ్గర, పుస్తకాల దగ్గర వాడిన తెలుగు ఫాంట్లు అలా కాదు. ఫైల్‌లో నిజానికి ఉండేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల నంబర్లే. ఆ నంబర్ వచ్చినప్పుడు తలకట్టు గీయి, ఈ నంబర్‌కి ఒత్తు గీయి అని ఫాంట్ చెప్తుంది. అంటే తెలుగు ఉన్నది ఫైల్‌లో కాదు, ఫాంట్‌లో. మావయ్య వాడేది అలాంటి పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్. దాని ఫాంట్లు ఉండేది సీ డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్ లోపల, ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో. నేను కాపీ చేసిన లిస్టులో అది లేదు.

రికవరీ సాఫ్ట్‌వేర్ వాడొచ్చు కదా అంటారు. ఫాంట్ ఫైళ్లు దొరికితే దొరకొచ్చు. కానీ మావయ్య చేతికి అలవాటైన కీబోర్డ్ పద్ధతి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, అది విండోస్‌లోనే నడుస్తుంది. ఫాంట్ ఒక్కటీ తెచ్చినా ఆయన చదువుకోగలరు గానీ ఒక్క లైన్ కొత్తగా రాయలేరు. ఆ వయసులో మనిషిని కొత్త కీబోర్డ్ నేర్చుకోమని నేనెలా చెప్తా?

"సీడీ ఉండాలి, డబ్బులిచ్చి కొన్నదే" అన్నారు మావయ్య. బీరువా వెతికాం. కరెంటు బిల్లుల మధ్య సీడీ కవర్ దొరికింది, దాని మీద లైసెన్స్ కీ కూడా ఉంది. లోపల సీడీ లేదు. అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి మెల్లగా అంది, "పాత సీడీలన్నీ పిట్టలు రాకుండా జామచెట్టుకి కట్టాం కదండీ."

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ టార్చ్ వేసుకుని జామచెట్టు ఎక్కా. మాదే ఉంది. రెండు ఎండాకాలాలు చూసిన సీడీ, గాజు ముక్కలా అటు నుంచి ఇటు కనిపిస్తోంది. డ్రైవ్‌లో పెడితే గిర్రున తిరగడం తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఫైల్‌లో పేరున్న ఒక ముసలాయన మాకు దూరపు చుట్టం. చెట్టు కొమ్మ పట్టుకుని తెల్లారేదాకా ఉన్నానని చిన్నప్పుడు మాకు చెప్పేవాడు. పోయి మూడేళ్లయింది. ఆయన మాటలు ఆ డాలర్ గుర్తుల కింద ఉన్నాయి.

కనుమ రోజు కూడా అయ్యాక మావయ్య పాత స్టూడెంట్ ఒకతను, డీటీపీ చేస్తాడు, ఊరి నుంచి తిరిగొచ్చాడు. అదే వెర్షన్ సీడీ అతని దగ్గర ఉంది. కీ మావయ్య దగ్గర ఉంది. ఈలోపు నేను విజయవాడ వెళ్లి ఎస్ఎస్‌డీ తెచ్చా. ఈసారి పద్ధతిగా చేశా, అది వినండి.

మొదటిది, పాత డిస్క్ చెరపకండి. ల్యాప్‌టాప్ వెనక మూత స్క్రూలు తీసి పాత హార్డ్ డిస్క్ బయటకు లాగేయండి. దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టండి, ఆ కాలం ల్యాప్‌టాప్స్‌లో చాలావాటికి అదే సరిపోతుంది. పాతదాన్ని కవర్‌లో చుట్టి రెండు నెలలు బీరువాలో పెట్టండి. ఏం మర్చిపోయారో అప్పుడే తెలుస్తుంది, బ్యాకప్ తీసే రోజు తెలియదు. నేను ఇదే ముందు చేసి ఉంటే చెట్టెక్కేవాణ్ణి కాదు. పైగా అసలు స్పీడ్ వచ్చేది ఎస్ఎస్‌డీ వల్లే. పాత డిస్క్ మీద ఎన్నిసార్లు ఓఎస్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

తర్వాత కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్. ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ అందులోకి ఎక్కించాలి. మింట్ అయితే ఐఎస్ఓ ఫైల్ దించుకుని రూఫస్‌తో. పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది, గుర్తుంచుకోండి. ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ: డెల్, లెనోవో, ఏసర్‌లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ప్రొడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర లేదు' నొక్కి ముందుకెళ్లండి. ఇంతకుముందు అదే మెషీన్‌లో అదే ఎడిషన్ యాక్టివేట్ అయి ఉంటే, నెట్ తగలగానే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మావయ్యదీ అలాగే అయింది. వైఫై రాకపోతే కంగారు వద్దు, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే డ్రైవర్లు దిగుతాయి.

విండోస్ 10 మళ్లీ ఎందుకు వేశావ్ అంటే, మావయ్య సాఫ్ట్‌వేర్ కోసమే. దానికి ఈఎస్‌యూ అని అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఉన్నాయి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర చేరొచ్చు, 2026 అక్టోబర్ 13 దాకా. బ్రౌజర్, వీడియోలు, కోడింగ్ నేర్చుకోవడం వరకే అయితే మింట్ హాయిగా వేసుకోండి, నా బీటెక్ ల్యాప్‌టాప్‌లో అదే ఉంది. ఇంకొకరి మెషీన్ అయితే మాత్రం వాళ్ల పక్కన కూర్చుని, రోజూ ఏం ఓపెన్ చేస్తారో ఒక గంట చూశాకే పెన్‌డ్రైవ్ తీయండి.

ఫాంట్లు ఎక్కాక ఫైల్ తెరిచాం. మొదటి లైన్ తెలుగులో వచ్చింది. మావయ్య పేజీలు తిప్పుతూ పోయారు, చివరిదాకా. తర్వాత "టీ తాగుదాం పదరా" అన్నారు, అంతే.

ఇప్పుడు ల్యాప్‌టాప్ ఇరవై సెకన్లలో ఆన్ అవుతోంది. ఫైల్ మొత్తాన్ని యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేశా. ఒత్తులు అక్కడక్కడా తారుమారయ్యాయి, మావయ్య పేజీ పేజీ దిద్దుతున్నారు. కాపీలు మూడు: ల్యాప్‌టాప్‌లో ఒకటి, నా దగ్గర ఒకటి, ఆ డీటీపీ అతని దగ్గర ఒకటి. నిన్న ఫోన్ చేశారు. అరవై పేజీలు అయ్యాయట.

"బాగుంది గానీ, ప్రింటర్ పలకట్లేదేంట్రా?" అన్నారు.

ప్రింటర్ డ్రైవర్ వేయడం మర్చిపోయా. ఈ శనివారం మళ్లీ అవనిగడ్డ వెళ్తున్నా. ఉంటా మరి.