కెప్టెన్‌గారి రెండో సగం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటె బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాతో, "మీరేదైనా సరదా విషయం చెప్పండి, పదిహేను నిమిషాలు దాటకండి" అన్నారు. సరదాగానే మొదలుపెడతాను. చివరిదాకా సరదాగానే ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేను.

1980లలో మన ఇళ్లకు టీవీలు వచ్చిన కొత్తలో, దూరదర్శన్‌లో ఆదివారం పూట "స్టార్ ట్రెక్" అనే అమెరికన్ సీరియల్ వచ్చేది. మీలో కొందరికైనా జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దానికి కెప్టెన్ కిర్క్, కోసు చెవుల స్పాక్, చిరాకు డాక్టర్ మెకాయ్. మాది నలుపు తెలుపు టీవీ. వీధిలో పిల్లలంతా మా ముందు గదిలోనే. డాబా ఎక్కి ఏంటెనా తిప్పడం నా డ్యూటీ. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం మేమే కల్పించుకునేవాళ్లం. అయినా ఆ సీరియలంటే నాకు ప్రాణం. వారమంతా ఫైళ్ల మధ్య కూర్చున్నవాడికి ఆ గంటసేపు నక్షత్రాల మధ్య తిరగడం ఎంత హాయో మీకు వేరే చెప్పాలా!

ఆ సీరియల్ మొదటి సంవత్సరంలో వచ్చిన ఒక ఎపిసోడ్ గురించే ఈవేళ చెప్పబోతున్నాను. పేరు "ది ఎనిమీ వితిన్", అంటే లోపలి శత్రువు. రాసినవారు రిచర్డ్ మాథెసన్, దర్శకుడు లియో పెన్. అమెరికాలో 1966 అక్టోబరు 6న ప్రసారమైంది. ఆ నెలలోనే మన విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావుగారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న కాల్పులు జరిగాయి. ఇక్కడ మనం ఉక్కు కోసం వీధుల్లో ఉన్న రోజుల్లో, అక్కడ వాళ్లు నక్షత్రాలకు పోయే కథలు తీస్తున్నారన్నమాట.

కథ ఇదీ. ఆ నౌకలో మనిషిని ఒకచోట మాయం చేసి మరోచోట ప్రత్యక్షం చేసే యంత్రం ఒకటుంది. ప్రతివారం నౌకను ఏదో ఒక గ్రహం మీద దింపినట్టు చూపించాలంటే ఖర్చు భరించలేక నిర్మాతలు కనిపెట్టిన ఉపాయం అది. ఒకరోజు ఆ యంత్రం చెడి, కెప్టెన్ ఇద్దరవుతాడు. ఒకడు శాంతమూర్తి, రెండోవాడు కామ క్రోధాల పుట్ట. ఆ రెండోవాడు తాగి, జానిస్ రాండ్ అనే ఉద్యోగిని గదిలో కాపువేసి ఆమె మీద పడతాడు. ఆమె పెనుగులాడి వాడి ముఖం రక్కి బయటపడుతుంది. ఆమెది కెప్టెన్‌గారి దగ్గర కాగితాల పని. అంటే మన కేడరే, గుమాస్తా.

ఇక శాంతమూర్తి సంగతి. గంటలు గడుస్తున్నకొద్దీ ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేకపోతాడు. కింద గ్రహం మీద నలుగురు మనుషులు చలికి గడ్డకట్టిపోతుంటే, ఏంచెయ్యాలో తోచక తల పట్టుకుంటాడు. అప్పుడు స్పాక్, డాక్టర్ కలిసి తేల్చేదేమంటే, మనిషికి రెండు సగాలూ కావాలి, చెడ్డ సగంలోని శక్తిని మంచి సగం అదుపులో పెట్టుకోవాలి అని. చివరికి ఇద్దరినీ మళ్లీ ఒక్కణ్ణి చేస్తారు.

దీంట్లో తప్పులకు కొదవ లేదు. కింద మనుషులు చస్తుంటే చిన్న షటిల్ నౌకను పంపి తెచ్చుకోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కాని ఆ సీరియల్‌లో షటిల్ అప్పటికి పుట్టలేదు, కొన్ని వారాల తరువాతగాని రాలేదు. మొదట్లో ఒకచోట కెప్టెన్ చొక్కా మీద ఉండవలసిన చిహ్నం ఉండదు. వేరే గ్రహపు జంతువని చూపించింది కొమ్ము తగిలించిన చిన్న కుక్క. ఇవన్నీ క్షమించదగ్గవే. ఏ కొత్త ఆఫీసులోనైనా మొదటి ఏడాది రిజిస్టర్లు తీసి చూడండి, కొట్టివేతలు లేని పేజీ ఉండదు.

కాని ఇంకొక తప్పు ఉంది. అది నాకు నలభై ఏళ్ల దాకా కనిపించలేదు.

ఆమధ్య మా మనవరాలు సెలవుకు వచ్చింది. ఉద్యోగం చేస్తోంది. నా సరదా తెలిసినదే కనుక ఆ ఎపిసోడ్ వెతికి టీవీలో పెట్టింది. ఇద్దరం కూర్చుని చూశాం. చివరి సన్నివేశంలో జానిస్ రాండ్ కెప్టెన్ దగ్గరకు వస్తుంది. జరిగిందేమిటో తనకు తెలిసిందంటూ ఏదో చెప్పబోతుంది. ఆయన థాంక్స్ చెప్పి ఆ మాట అక్కడే ఆపేస్తాడు. ఆమె వాక్యం పూర్తికాదు. పక్కనున్న స్పాక్, ఆ రెండోవాడిలోనూ ఆకర్షణ లేకపోలేదు సుమా అన్న ధోరణిలో ఆమె మీద ఒక ఛలోక్తి విసురుతాడు. ఆమె జవాబు చెప్పకుండా వెళ్లిపోతుంది. 1980లలో నవ్వినట్టే ఈసారీ నవ్వాను.

"తాతయ్యా, దీంట్లో నవ్వడానికేముంది?" అంది మా మనవరాలు.

నాకు సమాధానం తోచలేదు. తరువాత ఆ పిల్లే చెప్పింది: "గంటసేపు ఆ చెడ్డవాడు కూడా నువ్వేనయ్యా అని కెప్టెన్‌కు పాఠం చెప్పారు. తీరా క్షమాపణ చెప్పవలసిన చోటికి వచ్చేసరికి, వాడెవడో వేరే మనిషి అయిపోయాడు."

ఆ వేషం వేసిన నటి గ్రేస్ లీ విట్నీ 1998లో వచ్చిన తన ఆత్మకథలో ఆ ఛలోక్తిని గట్టిగా తప్పుపట్టారు. మొదటి సంవత్సరంలోనే ఆమెను సీరియల్ నుంచి తప్పించారు. ఆ రోజుల్లోనే, ఆ సీరియల్‌తో సంబంధం ఉన్న ఒక పెద్దమనిషి తన మీద అత్యాచారం చేశాడని కూడా ఆమె ఆ పుస్తకంలో రాశారు. పేరు చెప్పలేదు. 2015లో కన్నుమూశారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం సీరియల్ కాదు. 

నేను యు.డి.సి.గా ఉన్న ఒక ఆఫీసులో, పేరు అనవసరం, ఒక టైపిస్టు అమ్మాయి ఉండేది. మా అధికారి ఒకనాటి సాయంత్రం ఆమెతో మర్యాద తప్పి ప్రవర్తించాడు. ఆమె అరపేజీ అర్జీ రాసి ఇచ్చింది. ఆ సీటు నాది. ఆ అధికారి నా విషయంలో మంచివాడే. మా నాన్నగారు పోయినప్పుడు అడగకుండా సెలవు ఇచ్చాడు. అందరం కూడబలుక్కుని ఒకటే మాట అనుకున్నాం: ఆయన అలాంటివాడు కాదు, ఆవేళ ఆయన ఆయన కాదు. అర్జీ మీద నేను ఎల్.డిస్. నోటు పెట్టాను. సంతకాలయ్యాయి. ఎల్.డిస్. అంటే ఏమిటో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఏడాది పోయాక ఆ కాగితం చింపెయ్యవచ్చు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు వరండాలో ఆమె కనిపిస్తే, "సారు కోపిష్ఠే గాని మనసు వెన్నమ్మా" అని నవ్వాను. ఆమె నాకేసి ఒక్కసారి చూసి, చేతిలో కాగితాలతో వెళ్లిపోయింది. కొన్నాళ్లకు బదిలీ చేయించుకుంది. అర్జీలో ఆమె మాట అరపేజీలోనే ఆగిపోయింది. ఆపినవాణ్ణి నేనే.

ఆనాడు దారి లేదని అనవచ్చు. నిజమే, ప్రత్యేకించి చట్టం లేదు. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసే ఒక మహిళకు 1992లో జరిగిన ఘోరం దరిమిలా, సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటికి విశాఖ మార్గదర్శకాలని పేరు. మన ఊరి పేరనుకుని మొదట్లో పొరపడ్డాను. కేసు వేసిన మహిళా సంస్థ పేరది. 2013లో పార్లమెంటు చట్టమే చేసింది. పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతి కార్యాలయంలోనూ కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు కావాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఇవన్నీ మంచివే. కాని అర్జీని ఇలాగే ఎల్.డిస్. చెయ్యమని నాకు ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. వరండాలో నవ్వమని అసలే వెయ్యలేదు.

మిత్రులారా, ఆ సీరియల్ మీద నా అభిమానం తగ్గలేదు. వచ్చే ఆదివారం కూడా చూస్తాను. మనకు ఇష్టమైనదానిలో తప్పుంటే తప్పనే చెప్పాలి. మనకు ఉపకారం చేసిన అధికారి విషయంలోనూ అంతే, మన సొంత సర్వీసు విషయంలోనూ అంతే. మనం చేసిన మంచి పనులు సర్వీసు రిజిస్టరులో ఉంటాయి. ఇలాంటివి ఉండవు. అందుకే మనమే చెప్పుకోవాలి.

మన ఇళ్లలో ఆడపిల్లలు, కోడళ్లు, మనవరాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు. ఎప్పుడైనా వచ్చి ఇలాంటి మాట చెబితే, ఆయన మంచివాడే కదమ్మా అని అడ్డుపడకండి. పూర్తిగా చెప్పనివ్వండి.

ఆనాటి టైపిస్టు కూడా ఈపాటికి మనలాగే పెన్షనరు అయి ఉంటుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూ ఉంటుంది. ఈ సంచిక ఆమె చేతికి చేరితే, అమ్మా, ఆ నోటు పెట్టింది నేనే. ఆవేళ నేను నేనే. క్షమించమని అడుగుతున్నాను.

కార్యదర్శిగారు వాచీ చూసుకుంటున్నారు.  సెలవు.