వీడియో టేపుల ముఖముద్రలు



తూర్పు చాళుక్యుల రాగిరేకు శాసనములకు వరాహలాంఛనముగల ముద్ర యుండెడిది. శాసనము చదువకమున్నే యది యెవరి దానమో తెలిసెడిది. చలనచిత్ర సంస్థలును ఈ మర్యాదనే పాటించినవి. జెమినీవారి బూరలూదు కవలబాలురను, విజయావారి కపిధ్వజమును తామెరుగుదురు. విశాఖపట్టణమున భీమిలి త్రోవలో కొండపై స్టూడియో కట్టించిన డి. రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్సు ముద్రలో రెండక్షరములపై నిద్దరు బాలురు నిలిచియుందురు. వారు ఆయన కుమారులే.

వీడియో టేపు వచ్చిన పిమ్మట ఈ ముద్రకు ముందు మఱియొక ముద్ర చేరినది. 1976లో జపానునందు జేవీసీవారు వీహెచ్ఎస్ టేపును వెలువరించిరి. 1977లో అమెరికాలో మాగ్నెటిక్ వీడియో అను సంస్థ ఫాక్సువారి 50 చిత్రములను టేపులపై నెక్కించి యమ్మజొచ్చెను. చిత్రము తీసినవారొకరు, టేపు చేసినవారొకరు. కావున టేపు సంస్థలు తమ పేరును త్రిప్పుచు, మెరపించుచు, వాద్యధ్వనితో ముందుగా చూపసాగినవి. అట్టి కదలు ముద్రలకు ఆ కాలమున స్కానిమేట్ అను యంత్రమొకటి యుండెను. నల్లని ఫిలింపై తేటయక్షరములు తీర్చి, వెనుకనుండి వెలుగు నిచ్చి, ఆ బొమ్మను టెలివిజను గీతలుగా మార్చి, మీటలు త్రిప్పి ఆ గీతలను వంచి, సాగదీసి, రంగులద్దెడివారు. నేడు మనుమడు ఫోనులో క్షణమున చేయు పనికి అప్పుడంత యంత్రము కావలసివచ్చెను!

మన పల్లెలలో 1980 దశకమున టెలివిజనును, టేపు నాడించు పెట్టెను అద్దెకు తెచ్చి తెల్లవార్లు చిత్రములు చూచుట తమకు జ్ఞాపకముండును. టేపునుండి టేపునకు నకలు తీసినకొలది బొమ్మ మసకబారును. ముద్ర వణకుట చూచియే "ఇది నకలుకు నకలురా" అని తేల్చెడి గడుసువారిని నేనెరుగుదును. పెండ్లి టేపుల మొదటను ఊరి ఫొటో స్టూడియోవారి పేరు పూవులనడుమ గిరగిర తిరిగి నిలిచెడిది. ఆ పనివాని చేవ్రాలు అదియే.

విశాఖ తీరపు తేమగాలి టేపునకు శత్రువు. అయస్కాంతపు పూతపై బూజు పట్టును. టేపు నాడించు పెట్టెలను చివరివరకు చేసిన జపాను ఫునాయివారును 2016లో మానుకొనిరి. పేరుగల చిత్రములు వేరు రూపమున దొరకును గాని, క్రొత్త ప్రతులు తీయువారు మొదటి ముద్రను అనవసరమని కత్తిరించుచున్నారు. పెండ్లి టేపు మాటయో, దానికి వేరు ప్రతియే యుండదు.

కావున పెట్టెలోని టేపులను పొడిచోట నిలువుగా నుంచుడు. తెల్లబూజు కనబడినచో ఆడింపవలదు. యంత్రమును, తరువాతి టేపును కూడ చెడును. నగరమున ప్రతి తీయించునపుడు, బొమ్మ ప్రారంభమునుండి కాదు, టేపు మొదటి చుట్టునుండియే యెక్కింపుమని పనివానితో గట్టిగా చెప్పుడు.