ఫ్రిజ్ వీపున దుమ్ము

వేసవి వస్తోందంటే ఇళ్లలో కుండలూ కూజాలూ అటక దిగుతాయి. అంగళ్లలో మాత్రం ఫ్రిజ్ సంగతి మే నెలలో అది మొరాయించాకే గుర్తొస్తుంది. పాల ప్యాకెట్, పిల్లల ఐస్‌క్రీం, కర్రీ పాయింట్ కూర, ఇవన్నీ మన గడప తొక్కేముందు ఆ ఫ్రిజ్‌లలో కూర్చున్నవే. కాబట్టి ఇది దుకాణదారుల గొడవ అని వదిలేయలేం. ఫ్రిజ్ చెడిపోతే ఎండను తిడతాం. చాలాసార్లు అసలు దోషం చలికాలమంతా పేరుకున్న దుమ్ముది.

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచెయ్యదు. బావిలో నీళ్లు తోడినట్టు లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. తోడేది కంప్రెసర్. పారబోసేది కండెన్సర్, అంటే వెనకో కిందో ఉండే గొట్టాలూ సన్నని రేకులూ. వేడి తనంతట తానుగా ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది గనక, బయట 44 డిగ్రీలుంటే కండెన్సర్ అంతకు పది పదిహేను డిగ్రీలు మించి కాగాలి. రేకుల మధ్య దుమ్ము, దానికి తోడు వంటనూనె పొగ చేరి జిడ్డుగా అట్టకడితే గాలి ఆడదు, అది ఇంకా కాగుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గరున్న వేడిని 40 డిగ్రీలకు బదులు 60 డిగ్రీలకు ఎత్తాలంటే, సిద్ధాంతం లెక్కలోనే మూడోవంతు అదనపు పని. బావి లోతయ్యేకొద్దీ తోడేవాడి భుజాలు లాగవూ? చివరికి కంప్రెసర్ మరీ కాగిపోతే, దాన్ని కాపాడే స్విచ్ కాసేపు ఆపేస్తుంది.

ఆ కాసేపే మనకు ముఖ్యం. చల్లగా ఉంచాల్సిన ఆహారం 5 డిగ్రీల లోపు, గడ్డకట్టించినది మైనస్ 18 దగ్గర ఉండాలన్నది నియమం. వెచ్చదనం అనువుగా దొరికితే కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మూడు గంటల్లో ఒక్కటి ఐదువందలు దాటుతుంది. మళ్లీ చల్లబడినా అవన్నీ చావవు, ఊరికే నిదానిస్తాయి. కొన్ని వదిలిన విషం మరగబెట్టినా పోదు. ఐస్‌క్రీం డబ్బాలో మంచు పలుకులు తగిలితే అది ఒకసారి మెత్తబడి మళ్లీ గడ్డకట్టిందేమోనని అనుమానించండి. కరెంటు కోత వల్లా అలా కావచ్చులెండి.

బాగా నడుస్తున్నదాన్ని కెలకడమెందుకని అడుగుతారు. జనవరిలో నడవడంలో సగం గొప్ప వాతావరణానిది. లోపం అప్పుడూ ఉంటుంది, బయటపడదంతే. చల్లదనం తగ్గితే మీట తిప్పి నంబరు పెంచొచ్చుగా అంటారు. ఆ మీట మామూలుగా కంప్రెసర్ ఎప్పుడు ఆగాలో చెబుతుంది గాని దానికి బలం ఇవ్వదు. ఇప్పటికే ఊపిరాడనిదాన్ని ఇంకాసేపు పరుగెత్తించడమే అవుతుంది. ఏటేటా గ్యాస్ నింపిస్తున్నామనేది మూడోమాట, నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేదీ ఇదే. ఆ గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చిల్లు పూడ్చకుండా నింపడం ఓటికుండలో నీళ్లు పోయడమే.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు, పనికి అదే అదను. ప్లగ్ తీసి, రేకులు వంగకుండా వాటి వెంబడే మెత్తని బ్రష్ నడిపిస్తే ఒక పూట పని. గాలి ఆడేలా గోడకు ఎడం ఉంచాలి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగినప్పుడు సులువుగా జారివస్తే రబ్బరు మార్చాలి. గ్యాస్ జోలికి మాత్రం సొంతంగా వెళ్లకూడదు. ఇప్పుడు చాలా ఫ్రీజర్లలో ఉండే ఆర్-290 అంటే ప్రొపేన్, మండే వాయువు. దానికి మెకానిక్‌నే పిలవాలి. ఫిబ్రవరిలో పిలిస్తే వస్తాడు. మేలో ఊరంతా పిలుస్తుంది.