సీటు కింద ఏముంది?



ఈవేళ నేను మీకు వంటల గురించి చెప్పడంలేదు, కుట్టుపని గురించీ చెప్పడంలేదు. మోటారుసైకిలు సీటు విప్పి, దాని సైలెన్సరు ఇంటిదగ్గరే ఎలా మార్చుకోవచ్చో చెబుతాను. “అది మగవాళ్ళ పని కదమ్మా, మనకెందుకూ?” అంటారేమో. ఏళ్ళతరబడి ఆ సీటుమీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో కొంగూ ఇంకో చేత్తో కూరలసంచీ పట్టుకుని వెళ్ళేది మనమే. దాని కింద ఏముందో ఒక్కసారైనా చూశామా? మొన్నమొన్నటిదాకా నేనూ చూడలేదు. చూడాల్సివచ్చిన సంగతి చెబుతాను, వినండి.

2012లో కొన్న మా పాతబండిని మావారు కాలేజీ చదువుతున్న మా అబ్బాయికిచ్చారు. నెల తిరక్కుండానే వాడు స్నేహితులను చూసి, బండితో వచ్చిన సైలెన్సరు తీయించి, చెవులు చిల్లులుపడే కొత్తదొకటి పెట్టించాడు. రాత్రి పదిన్నరకు వాడు సందు మలుపు తిరిగాడంటే వీధివీధంతా లేచేది. మా కింది వాటాలో వున్న అమ్మాయికి మూడునెలల పాప. ఆ అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. కాని మెట్లదగ్గర కనబడినప్పుడు ఆమె కళ్ళకింద నలుపు చూస్తే నాకే తలెత్తుకోబుద్ధి కాలేదు.

“ఏమిట్రా ఈ గోల?” అంటే, “ఇందులో నీకేం తెలుసమ్మా?” అన్నాడు. నిజమే, తెలియదు. తిట్టబోయి ఆగాను. “అయితే ఆదివారం పొద్దున్న విప్పి చూపించు, తెలుసుకుంటాను” అన్నాను. కంపెనీ సైలెన్సరు అటకమీద గోనెసంచీలో వుంది. శనివారం సాయంత్రం స్పేరుపార్టుల షాపుకు వెళ్ళి, మా బండి పేరు చెప్పి ఒక కొత్త గాస్కెట్టు కొన్నాను. రాత్రి పడుకోబోయేముందు బండికున్న నట్లమీద తుప్పు వదిలించే నూనె కొట్టివుంచాను. రాత్రంతా నానితే మొండి నట్లు కూడా దారికొస్తాయి.

ఇక పని. మొదటి నియమం, ఇంజను పూర్తిగా చల్లబడాలి. రెండోది, ఆరుబయటే చెయ్యాలి. ఆఖర్న ఇంజను స్టార్టు చేసి చూసుకోవాలి గనుక, మూసిన గదిలో అయితే ఆ పొగ ప్రాణాంతకం. చదునైన నేలమీద సెంటరు స్టాండు వేశాం.

మా బండికి సీటు వెనకవైపు రెండు పక్కలా ఒక్కో బోల్టుంది. ఊరగాయ సీసా మూత తీసినట్టే, ఎడమకు తిప్పితే వదులవుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. రెండూ తీశాక సీటును కాస్త వెనక్కిలాగి పైకెత్తితే వచ్చేసింది. కొన్ని బళ్ళకు తాళంచెవి తిప్పితే చాలు. సీటు కింద బ్యాటరీ వుంది, కొన్ననాటినుంచీ విప్పని పనిముట్ల సంచీ వుంది, ఎప్పటివో వేరుశనగ తొక్కలూ వున్నాయి! ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కకు పెట్టాం. స్పానరు పొరపాటున తగిలినా నిప్పురవ్వలు రావు. సీటు తీస్తేగాని మా బండికి పక్కకవరు రాదు. అది తీస్తేగాని వెనక బోల్టుమీద స్పానరు సరిగా కూచోదు. సీటుకూ సైలెన్సరుకూ సంబంధం అదీ!

సైలెన్సరు రెండుచోట్ల పట్టుకుని వుంటుంది. ముందు ఇంజనుదగ్గర రెండు నట్లు, వెనక ఫుట్‌రెస్టు దగ్గర బోల్టు. ముందువి తీశాక, ఒకరు గొట్టాన్ని పట్టుకుంటే ఇంకొకరు వెనక బోల్టు తీయాలి. లేకపోతే బరువుకు ఒక్కసారిగా కిందపడుతుంది. విప్పిన ప్రతి నట్టునూ, బోల్టునూ తీసిన వరసలోనే పళ్ళెంలో పెట్టాను. పోపుపెట్టె సర్దుకునే మనకు అది ఒకరు చెప్పాలా?

రెండు సైలెన్సర్లనూ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తది ఈ కొసనుంచి చూస్తే ఆ కొస కనబడుతోంది. కంపెనీది అలా కాదు. అందులో అడ్డుగోడలూ, చిల్లుల గొట్టాలూ వుంటాయి. నాలుగుగదుల ఇంట్లో వీధిగుమ్మం దగ్గర అరిస్తే పెరట్లోకి వచ్చేసరికి గొణుగుడు అయినట్టు, ఇంజను చప్పుడు గది గదికీ తగ్గిపోతుంది. ఆ గదులు తీసేస్తే మిగిలేది అరుపే. అరిచినంతమాత్రాన బండికి బలం రాదు.

సరిగ్గా అప్పుడే కింది వాటా అమ్మాయి పాపను భుజాన వేసుకుని ఎండలోకి వచ్చింది. పాప నిద్రపోతోంది. “నెమ్మదిగా మాట్లాడండి పిన్నిగారూ, తెల్లవారుజామున పడుకుంది” అంది. ఆమె మామూలుగానే అంది. మా అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. గుడ్డ తీసుకుని కంపెనీ సైలెన్సరుమీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. నేను గాస్కెట్టు తీసి వాడి చేతిలో పెట్టాను.

గాస్కెట్టంటే మనకు కుక్కరు మూతకుండే రబ్బరు చుట్టు లాంటిదే. అక్కడ ఆవిరి తప్పించుకున్నట్టు ఇక్కడ పొగ తప్పించుకుంటుంది. పాతది నలిగిపోయి వుంటుంది గనుక విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. అన్ని నట్లనూ ముందు వేళ్ళతోనే ఎక్కించాలి. తరవాత ఇంజనుదగ్గరి రెండింటినీ ఇది కాస్త, అది కాస్త చొప్పున సమంగా బిగించి, వెనక బోల్టును ఆఖర్న బిగించాలి. బలముందికదా అని ఊగిపోతే మరలు తెగుతాయి, సుమా! ఆపైన పక్కకవరు, బ్యాటరీ వైరు, సీటు. సీటు ముందుకొస కొక్కెంలో పడిందో లేదో ఊపి చూడండి. కూర్చునేది మనమే! ఇంజను స్టార్టు చేసినప్పుడు ముందు అతుకుదగ్గర ‘ఫట్ ఫట్’మని వినబడకపోతే పని కుదిరినట్టే. రెండురోజులు తిరిగాక, చల్లారిన తరవాత మళ్ళీ ఒకసారి నట్లు చూసుకోవాలి.

మరికొన్ని మాటలు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బజారుదాకా వెళ్ళివచ్చే దగ్గరి ప్రయాణాలే అయితే గొట్టం సరిగా వేడెక్కక ఆ నీరు లోపల నిలిచి, సైలెన్సరు లోపలినుంచే తుప్పుపడుతుంది. అంచేత అప్పుడప్పుడు కాస్త దూరం నడపడం మంచిది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బళ్ళకు పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారూ దాని వైరూ వుంటాయి. వాటిని మెకానిక్కుకే వదిలెయ్యండి. పిల్లల పిక్కకు వేడి సైలెన్సరు తగిలితే టూత్‌పేస్టూ, సిరా రాయకండి. ఇరవై నిమిషాలు కుళాయి ధారకింద పెట్టండి.

చట్టం సంగతీ చెప్పాలి. 2000 సంవత్సరపు నియమాల ప్రకారం ఇళ్ళుండేచోట రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. శబ్ద ప్రమాణాలు మీరిన బండి నడిపితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే పదివేల రూపాయలదాకా జరిమానా గాని, మూడునెలలదాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. కాని మా ఇంట్లో ఆ రోజు చట్టం పేరు ఎత్తే అవసరమే రాలేదు.

నాలుగురోజుల తరవాత కింది వాటా అమ్మాయి మెట్లదగ్గర ఆపి అడిగింది, “మీ అబ్బాయి ఊళ్ళో లేడా పిన్నిగారూ?” అని.

“ఉన్నాడమ్మా, రోజూ పదిన్నరకే వస్తున్నాడు” అన్నాను.