రాయలవారి విస్తరి – మన కంచం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టర్ని కాను. 34 ఏళ్ళు జమాఖర్చులు రాసినవాణ్ణి. కనుక తిండి సంగతి కూడా ఆ భాషలోనే చెబుతాను.

రిటైరైన మొదటి రెండేళ్ళలో నేను 9 కిలోలు పెరిగాను. ఆఫీసుకు నడిచే నడక పోయింది, తిండి మాత్రం తగ్గలేదు. జమ అలాగే ఉండి ఖర్చు తగ్గితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. షుగరు బయటపడింది. డాక్టరుగారు ఒక చీటీ రాసిచ్చారు. ఆనాటి నుంచి మా ఇంట్లో రెండు వంటలు. ఇంటిల్లిపాదికీ ఒకటి, నాకొకటి. రాత్రి ఏడింటికల్లా నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి రెండు పుల్కాలు, చప్పిడి కూర పెట్టేవారు. ఒకరోజు మా మనవడు "తాతయ్యకు జ్వరమా?" అని అడిగాడు. చిన్న మాటే. కాని ఆ ఆరు నెలలూ నన్ను బాధపెట్టింది ఆకలి కాదు, పంక్తిభేదం. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి ఈ బాధ తెలుసు.

ఆ రోజుల్లోనే పొద్దుపోక శ్రీకృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదను టీకతో సహా చదవడం మొదలుపెట్టాను. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన చక్రవర్తి ఆయన. ఆ కావ్యంలో శ్రీవిల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వరసగా చెప్పారు. రాయలవారు స్వయంగా ఏం తినేవారన్నది వేరే సంగతి. ఇది మాత్రం ఆయన మెచ్చి, నోరూరేలా రాసిన భోజనం. రాజుగారు రాశారంటే భక్ష్యాలు, పరమాన్నాలే ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే వేసవి విస్తరిలో గోరువెచ్చని అన్నం, చారు, పలచని అంబలి, కొబ్బరినీళ్ళు, పళ్ళు, నీళ్ళ మజ్జిగ ఉన్నాయి. వానాకాలంలో పప్పు, తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. చలికాలంలో మిరియాల పొడి వేసిన వేడి వేడి కూరలు, ఆవపచ్చళ్ళు. చెరకురసం, పాయసం, నెయ్యి కూడా ఉన్నాయి. అవి మన పద్దులో రాసుకోవలసినవి కావు.

అవి మనకెందుకు కావో రాయలవారి దినచర్యే చెబుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ సంగతి రాశాడు. రాయలవారు తెల్లవారకముందే దాదాపు 400 మిల్లీలీటర్ల నువ్వులనూనె తాగేవారట. అది 3,000 పైచిలుకు క్యాలరీలు! తరువాత ఒంటికి నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులెత్తి, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టి, తెల్లవారేదాకా గుర్రం మీద స్వారీ చేసేవారు. అంత చేసినా ఆయన సన్నమని కాదు, కాస్త లావేనని అదే పేస్ రాశాడు! మన కుస్తీ అంతా టీవీ రిమోట్‌తోనే కదా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు సుమారు 2,110, ఆడవారికి 1,660 క్యాలరీలు చాలు. మన వయసుకు ఇంకా తక్కువే.

కనుక రాయలవారి విస్తరి నుంచి తేలికైనవి మాత్రం ఏరుకున్నాం. మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను, రాసుకోండి.

వేసవికి అంబలి. కావ్యంలో ఏ ధాన్యమో లేదు, మేము రాగిపిండి వాడతాం. మనిషికి 30 గ్రాముల పిండిని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే రెండు గ్లాసుల నీళ్ళలో పోసి, పది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. చల్లారాక వెన్న తీసిన మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, వేయించిన జీలకర్ర పొడి కలపాలి. పిండికి సుమారు 100 క్యాలరీలు, అంటే ఇంచుమించు రెండు చెంచాల నెయ్యికి సమానం. అయితే రాగి కూడా పిండిపదార్థమే. షుగరువారు అన్నానికి బదులు తాగాలి గాని, అన్నం తిన్నాక తాగకూడదు.

వానాకాలానికి వరుగులు. వంకాయ, గోరుచిక్కుడు వరుగుల్ని నూనెలో వేయించకుండా వేడినీళ్ళలో నానబెట్టి పప్పులో వేయండి. గుమ్మడి వడియాలను కూడా కాస్త నూనెలో దోరగా తిప్పి పులుసులో వేస్తే రుచి ఎక్కడికీ పోదు.

చలికాలానికి మిరియాల చారు. మిరపకాయ, టమాటా రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. ఆ కావ్యంలో కారమంటే మిరియం, ఆవాలే. చింతపండు పలచగా పిసికి, మిరియాలు, జీలకర్ర దంచి వేసి, అర చెంచా నూనెతో తాలింపు పెట్టండి. కారం, పులుపు, ఘాటు బాగుంటే ఉప్పు తగ్గినా నాలుక గోల చేయదు. రోజుకు అయిదు గ్రాముల ఉప్పు దాటవద్దని ఆ సంస్థే చెబుతోంది. ఊరగాయ వేసుకున్ననాడు ఆ లెక్క మరచిపోకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరినీళ్ళ విషయం డాక్టరునడిగే తాగాలి. మందులు మాత్రం ఎవరూ మానకండి. నేనూ మానలేదు.

ఏడాదిలో 5 కిలోలు తగ్గాను. అది చిన్న లాభం. పెద్ద లాభం మరొకటి ఉంది. ఈ వంట రోగి వంటలా ఉండదు కనుక ఇంట్లో అందరూ తినడం మొదలుపెట్టారు. కోడలు నా చారే పోసుకుంటుంది. మనవడు అంబలిలో ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టినా, గ్లాసు ఖాళీ చేస్తాడు. రెండు పొయ్యిలు ఒకటయ్యాయి. నేను మళ్ళీ పంక్తిలోకి వచ్చాను.

ఆముక్తమాల్యదలోనే ఒక ముచ్చట ఉంది. విష్ణుచిత్తుడి ఇంట్లో అర్ధరాత్రి వేళ కూడా అతిథులతో ఒక మాట వినపడేదట. కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేదు, పిండివంటలు లేవు, అన్నం కూడా అంత బాగా లేదు, దయచేసి భోంచేయండి అని. ఈమధ్య మా ఆవిడ వడ్డిస్తూ ఇంచుమించు ఇదే మాట అంటోంది. "ఏమీ లేదండీ, చారూ మజ్జిగే" అని. నేను పక్కన మనవణ్ణి కూర్చోబెట్టుకుని, ఇది రాయలవారు మెచ్చిన భోజనమని చెప్పి తింటున్నాను.

మీ ఇళ్ళలోనూ ఎవరికైనా వేరే కంచం పెడుతుంటే, ఈ వారం ఒక్కపూటైనా అందరూ ఆ కంచంలోని వంటే తిని చూడండి.