రాయి ఉన్న చోటు: మౌలాలి నుంచి లా వెంటా దాకా

(నాచారంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)

మనం ఇవాళ స్మరించుకుంటున్న మాస్టారి శిష్యులు నన్ను పిలిచి, మెక్సికోలో చూసివచ్చిన పాత రాళ్ల గురించి చెప్పమన్నారు. తప్పకుండా చెబుతాను. అయితే నాచారంలో నిలబడి ఆ మాట ఎత్తేముందు, ఇక్కడికి ఉత్తరాన ఉన్న మౌలాలి గుట్ట సంగతి చెప్పాలి.

గుట్ట మీది దర్గా కుతుబ్‌షాహీల నాటిది. గుట్ట కింద కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ఉంది. ఈ రెండూ మీకు తెలిసినవే. వీటికంటే రెండువేల ఏళ్లకు పైగా పాతవైన సమాధులు ఆ గుట్ట పరిసరాల్లో ఉండేవి. పల్లెల్లో రాకాసి గుళ్లు అంటారే, ఆ కోవకు చెందినవి. పైన గుండ్రంగా పేర్చిన బండలు, మధ్యలో రాళ్ల కుప్ప, దాని కింద పలకరాళ్లు నిలబెట్టి కట్టిన పెట్టె. అందులో ఎముకలు, ఎరుపు నలుపు కుండలు, ఇనుప సామాను. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించింది. ఇ.హెచ్. హంట్ అనే డాక్టరు హైదరాబాదు చుట్టుపక్కల ఇలాంటి సమాధులు తవ్వి, 1924లో ఆ వివరాలు లండన్ పత్రికలో ప్రచురించాడు. మౌలాలిలోనూ నిజాం కాలంలోనే తవ్వకాలు జరిగాయి. ఆ తర్వాత రైల్వే షెడ్లు, ఫ్యాక్టరీలు, హౌసింగ్ బోర్డు ఇళ్లు వచ్చాయి. వాటిని నేను తప్పు పట్టను. ఆ ఫ్యాక్టరీల జీతాలతోనే ఇక్కడ ఎన్నో కుటుంబాలు పిల్లల్ని చదివించుకున్నాయి. ఎక్కడ ఏముందో ముందుగా గీసిపెట్టుకోకుండా నేలను తవ్వేశామన్నదే నా బాధ.

మెక్సికోలో టబాస్కో రాష్ట్రంలోని లా వెంటాకీ ఇదే కష్టం వచ్చింది. ఓల్మెక్ జనం అక్కడ క్రీ.పూ. 900 నుంచి 400 దాకా వెలిగారు. మన వాళ్లు ఇక్కడ రాతి సమాధులు కడుతున్న కాలం కూడా దాదాపు అదే. మనవాళ్ల చేతిలో ఇనుము ఉంది. వాళ్లకు ఏ లోహపు పనిముట్టూ లేదు. అయినా దూరాన టుష్ట్లా కొండల నుంచి నల్లరాతి బండలు తెచ్చి మనిషి తలలు చెక్కారు. ఒక తల 2.41 మీటర్ల ఎత్తు, 24 టన్నుల బరువు. ఇరవయ్యో శతాబ్దం నడిమికి అక్కడ చమురు పని మొదలై ఆ చోటు ప్రమాదంలో పడింది. అప్పుడు కార్లోస్ పెయిసెర్ అనే కవి పూనుకుని ఆ శిల్పాలను విల్లాహెర్మోసా పట్టణానికి తరలించి, 1958లో తోటలో మ్యూజియంగా నిలబెట్టాడు. మనవాళ్లు నాగార్జునకొండ కట్టడాలను కృష్ణ నీళ్లలో మునగకముందే తవ్వి కొండపైకి చేర్చిన రోజులే అవి. ఆ తోటలో చెట్ల నీడన ఆ తల ముందు నిలబడినప్పుడు ఆ కవికి మనసులోనే దండం పెట్టాను. అయినా రాయి చోటు మారిందన్న వెలితి నన్ను వదల్లేదు.

ఆ వెలితి ఎందుకో చెబుతాను. 1955లో లా వెంటాలో నేలలోపల 16 చిన్న బొమ్మలు దొరికాయి. జానెడు ఎత్తువి, చాలావరకు పచ్చరాతివి. వాటి వెనక ఆరు పచ్చరాతి పలకలు నిలువుగా పాతి ఉన్నాయి. ఒకే ఒక బొమ్మ గరుకు రాతితో చేసింది. అది పలకలకు వీపు ఆనించి నిలబడింది, మిగతావన్నీ దాని వైపు చూస్తున్నాయి. ఏదో సభ జరుగుతున్నట్టుంటుంది. ఆశ్చర్యం బొమ్మల్లో కంటే వాటి పైనున్న మట్టిలో ఎక్కువ ఉంది. పూడ్చిన కొంతకాలానికి ఎవరో పైనుంచి సరిగ్గా బొమ్మల తలల దాకా గుంత తవ్వి, చూసి, ఏదీ కదల్చకుండా మళ్లీ పూడ్చేశారు. అంటే అవి ఎక్కడున్నాయో వాళ్లకు కచ్చితంగా గుర్తుంది. అలా చూసి పూడ్చారన్న సంగతి మనకు మట్టి పొరల రంగు తేడా వల్ల తెలిసింది. ఆ చోట జేసీబీ దిగి ఉంటే 16 బొమ్మలూ దొరికేవేమో గానీ, ఆ గుంత కథ పోయేది.

మెక్సికోలో ఇదంతా చూస్తున్నంతసేపూ నాకు ఉప్పల్ రోడ్డే గుర్తొచ్చింది. లా వెంటాలో మట్టితో కట్టిన పిరమిడ్ ఉంది. దాన్ని తవ్వకుండా పైనుంచే అయస్కాంత క్షేత్రం కొలిచి, లోపల పైభాగాన ఏదో కట్టడం ఉందన్న జాడను 1970లో ప్రకటించారు. ఆ ఉప్పల్ రోడ్డు మీద 1961లో మొదలైన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి ఇలాంటి కొలతలు నిత్యకృత్యం. అయితే ఇంటి పునాదుల్లో ఊచలు, నేలలో కరెంటు తీగలు చేరాక ఆ పరికరం చెప్పేది నమ్మలేం. ఖాళీ జాగా ఉన్నప్పుడే ఆ పని కావాలి. ఆ పక్కనే జీవకణాలపై పరిశోధించే సీసీఎంబీ ఉంది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు దగ్గరి 38 మంది ఎముకల డీఎన్‌ఏ చదివి, వారిలో 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతం మూలాలున్నవారని 2019లో తేల్చిన బృందంలో ఆ సంస్థ శాస్త్రవేత్తలున్నారు. ఇంకాస్త ముందుకొస్తే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ, దేశానికి పటాలు గీయడం నేర్పే చోటు. నేలను కొలవడం ఎంత ముఖ్యమో చూడండి: టబాస్కోలోనే అగ్వాడా ఫెనిక్స్ అనే చోట మాయా జనం కట్టిన 1.4 కిలోమీటర్ల పొడవైన దిబ్బ మీద జనం రోజూ తిరుగుతున్నా, అది మనుషులు కట్టిందని ఎవరికీ తట్టలేదు. విమానం నుంచి లేజర్‌తో నేల కొలిచాకే దాని ఆకారం బయటపడింది. 2020లో ప్రపంచానికి తెలిసింది. నేలను కొలిచేవాళ్లూ, లోపల ఏముందో చూసేవాళ్లూ, ఎముకను చదివేవాళ్లూ, ముగ్గురూ మనకు మెట్రోలో రెండు మూడు స్టేషన్ల దూరంలోనే ఉన్నారు. ఒక పాత చోటు కోసం ఈ ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే బాధ్యత ఊరివాళ్లది కావాలని నా కోరిక.

సాధ్యమేనా అంటే, నారాయణపేట జిల్లా ముడుమాల్ చూడండి. అక్కడి నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఊళ్లో వాళ్లు వాటిని దేవుళ్లుగా కొలవబట్టి అవి ఇంతకాలం నిలిచాయి.

మాస్టారి పేరిట ఉన్న నిధితో, హైస్కూలు పిల్లల్ని వెంటబెట్టుకుని మౌలాలి గుట్ట చుట్టూ నడిచి, ఇల్లు పడని ప్రతి జాగానూ పటంలో గుర్తు పెట్టే పని ఈ ఏడే మొదలుపెట్టాలని నిర్వాహకులను అడుగుతున్నాను. అక్కడి ముసలివాళ్లు బావి తవ్వినప్పుడు, గోడ ఎత్తినప్పుడు ఏం చూశారో రాసుకోవాలి. పునాది గుంతలో నలుపు అంచు కుండ పెంకు కనబడితే చెయ్యి పెట్టకండి. పక్కన స్కేలు ఉంచి ఫోటో తీయండి. లోతు కొలిచి, ఉత్తరం ఎటో, ఇంటి నంబరేమిటో రాయండి. పది రూపాయల విలువ దాటిన పాతర ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. ఆ కబురు అందించడానికి, పురావస్తు శాఖ వాళ్లు వచ్చేదాకా గుంత దగ్గర కాపలా ఉండడానికి వీధికొకరు కావాలి. మౌలాలి హౌసింగ్ బోర్డు నుంచి వచ్చినవాళ్లు ఈ సభ ముగిశాక నన్ను కలవండి.